మీకు తెలుసా? సజ్జాలో నాన్న, ఊళ్లో బిడ్డ

షార్జాకు తూర్పున ఉన్న సజ్జా పారిశ్రామిక వాడలో, దాని చుట్టూ ఉన్న క్యాంపుల్లో పనిచేసుకుంటున్న తెలుగువాళ్లలో చాలామందికి భార్యాపిల్లలు ఊళ్లోనే ఉన్నారు. నెలనెలా ఇక్కడి నుంచి వెళ్లే డబ్బుతో అప్పు తీరుతుంది, ఇల్లు గడుస్తుంది. దానితో సంబంధం లేకుండా మీ బిడ్డకు ఊళ్లోనే హక్కుగా అందాల్సిన తిండి, వైద్యం ఉన్నాయి. వాటి గురించే ఈ నాలుగు ముక్కలు.

● వెయ్యి రోజులే కీలకం

కడుపులో పడ్డప్పటి నుంచి రెండో పుట్టినరోజు దాకా లెక్కేస్తే సుమారు వెయ్యి రోజులు. ఒళ్లూ మెదడూ అన్నింటికన్నా వేగంగా పెరిగే కాలమిది. అప్పుడు తగ్గిన ఎదుగుదలను తర్వాత పూడ్చడం చాలా కష్టం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు. ఇక్కడ వీసా గడువు సాధారణంగా రెండేళ్లు. ఒక సెలవుకూ మరో సెలవుకూ మధ్యే ఆ వెయ్యి రోజుల్లో ఎక్కువ భాగం గడిచిపోతుంది.

● అంగన్‌వాడీ తిండి దానం కాదు, చట్టం

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకమే ఇవాళ్టి అంగన్‌వాడీలకు మూలం. 2013 ఆహార భద్రత చట్టం ఆ తిండిని హక్కుగా మార్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకు రోజుకు 500 కేలరీలు, 12–15 గ్రాముల ప్రోటీన్ అందాలని ఆ చట్టం మొదట నిర్ణయించింది. బాగా చిక్కిపోయిన బిడ్డకైతే 800 కేలరీలు, గర్భిణులకు, బాలింతలకు 600 కేలరీలు ఇవ్వాలంది. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీ కేంద్రంలోనే అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడతారు. మూడేళ్లలోపు పిల్లలకు ఇంటికిచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. "దుబాయి డబ్బు వస్తోంది కదా, మనకెందుకు" అని మానేయకండి. ఇందులో పేద, గొప్ప తేడా లేదు.

● ఉప్మా పెంచిన ఎత్తు

1987–90 మధ్య హైదరాబాద్ పరిసరాల్లోని 29 పల్లెల్లో ఒక అధ్యయనం జరిగింది. 15 ఊళ్లలో ఐసీడీఎస్ కింద గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న–సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలకు 13–18 ఏళ్లు వచ్చాక మళ్లీ వెళ్లి చూస్తే, ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. పెద్దయ్యాక గుండెజబ్బు, మధుమేహం ముప్పును సూచించే కొలతలూ వాళ్లలోనే మెరుగ్గా కనిపించాయి. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

● ఐరన్ మాత్ర వెనక భీమవరం బిడ్డ

గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో సొంత అన్నను పోగొట్టుకున్న మనిషి ఆయన. 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలలు దాటిన అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ వయసు పిల్లలందరికీ వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ పట్టాలి. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ, ఉసిరి లాంటివి తింటే బాగా పడుతుంది.

● సెలవుకు తీసుకెళ్లే పాలపొడి డబ్బా

ఊరికి వెళ్లేటప్పుడు పెట్టెలో పాలపొడి డబ్బా పెట్టుకోవడం మామూలే. అది ఇంట్లో పెద్దల టీకి, పెద్దపిల్లలకు పనికొస్తుంది కానీ పసిబిడ్డకు కాదు. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అవసరం లేదు. ఆ తర్వాత మెత్తటి పప్పన్నం, గుడ్డు, ఆకుకూర పెడుతూ రెండేళ్లదాకా తల్లిపాలు కొనసాగించాలి. రెండేళ్లలోపు పిల్లల డబ్బా పాలకు ప్రచారం చేయడాన్నే మన దేశం 1992 చట్టంతో నిషేధించింది. మీరు ఉంటున్న షార్జా కూడా తల్లిపాలను ప్రోత్సహించి, 2015లో పసిబిడ్డలకు అనువైన నగరంగా గుర్తింపు పొందింది.

● విరేచనాలకు రెండు మందులు

బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే ముందు ప్రమాదం ఒంట్లో నీరు పోవడమే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరికే లోపు లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచా అంటే నిండా తలగొట్టిన టీ చెంచా. దాంతోపాటు జింక్ మాత్రలు 14 రోజులు వాడాలి. విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపకూడదు. ఈ రెండూ ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతాయి.

● జబ్బకు చుట్టే టేపు

ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఆ టేపు ఉంటుంది. నీరసపడి తిండి ముట్టని బిడ్డను పోషకాహార పునరావాస కేంద్రం ఉన్న సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన సేవ అది.

అన్నదమ్ములారా, ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు "డబ్బు అందిందా" అని అడిగాక ఇంకో మూడు మాటలు అడగండి: ఈ నెల బిడ్డ బరువెంత? బాలామృతం తెచ్చారా? తర్వాతి టీకా ఎప్పుడు? జవాబు తెలియకపోతే మర్నాడే అంగన్‌వాడీకి వెళ్లి కనుక్కోమని చెప్పండి.