కారు ఆగితే తప్పు పంపుదేనా?

ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం. ఆలుమగలు ఇద్దరూ తమ పాత అంబాసిడర్ కారులో చుట్టాల పెళ్ళికి వెళుతున్నారు. దారిలో కారు ఆగిపోయింది. సెల్ఫు తిరుగుతోంది. ఇంజను అందుకోవడం లేదు.

"పెట్రోలు అందడం లేదు. పంపు పోయింది. కొత్తది వెయ్యాలి" అన్నాడు భర్త.

భార్యకు గుండె జారింది. ఆ కారు కిరాయిల మీదే వాళ్ళ ఇల్లు గడుస్తోంది. అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. మంచి సామాను దొరకడం కష్టం. బాగున్న పంపును తీసి పారేస్తే డబ్బూ పోతుంది, జబ్బూ అలాగే ఉంటుంది.

పెట్రోలు పంపు అంటే బంకు కాదు. కారులోనే ఉండే చిన్న యంత్రం. పెట్రోలు టాంకు కారు వెనక ఉంటుంది. ఇంజను ముందు ఉంటుంది. వెనకున్న పెట్రోలును లాగి ముందున్న కార్బొరేటరుకు అందించేదే ఈ పంపు. దీనికి కరెంటు అక్కర్లేదు. ఇంజను తిరిగితే ఇదీ ఆడుతుంది.

మన ఊరి బోరింగు చూశారు కదా! ఇదీ అలాంటిదే. బోరింగులో వాషరు ఉంటుంది. దీనిలో పలచని పొర ఉంటుంది. మెకానిక్కులు దాన్ని డయాఫ్రం అంటారు. ఇంజను తిరిగేటప్పుడు ఒక మీట ఈ పొరను కిందికి లాగుతుంది. పెట్రోలు లోపలికి వస్తుంది. కిందనున్న స్ప్రింగు పొరను పైకి నెడుతుంది. పెట్రోలు కార్బొరేటరుకు పోతుంది. వెనక్కి పోకుండా రెండు వాల్వులు ఆపుతాయి.

స్ప్రింగుకు ఎంత బలం ఉంటే పెట్రోలుకు అంత ఒత్తిడి. అది సుమారు 2, 3 పౌండ్లే. కారు టైరులో పాతిక పౌండ్ల దాకా గాలి ఉంటుంది. దానిలో పదో వంతు అన్నమాట! అందుకే ఎక్కడ చిన్న సందు ఉన్నా పని చెడుతుంది.

మెకానిక్కు వచ్చాడు. ముందు పంపును ముట్టుకోలేదు. టాంకు మూత తీశాడు.

"అదేంటి తమ్ముడూ, వెనక చూస్తున్నావు?" అంది ఆమె.

"నూనె డబ్బాకు ఒకటే కన్నం పెడితే నూనె సరిగ్గా వస్తుందా అక్కా? గాలికి రెండో కన్నం పెట్టాలి. ఈ మూతకూ గాలి కన్నం ఉంటుంది. అది పూడిపోతే పెట్రోలు రాదు" అన్నాడు.

మూత బాగానే ఉంది. తర్వాత పంపు మీద తడిగుడ్డ వేశాడు. వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోతుంది. ఆవిరిని పంపు లాగలేదు. చల్లబడ్డాక కారు కదిలితే తప్పు ఎండదే. కానీ కారు కదలలేదు.

అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళ బీడీలు ఆర్పించాడు. కాయిలు వైరు ఊడదీశాడు. కార్బొరేటరు దగ్గర గొట్టం విప్పి సీసాలో పెట్టాడు. పంపుకు చేత్తో కొట్టే చిన్న మీట ఉంటుంది. దాన్ని కొట్టాడు. ఒక్కోసారి ఆ మీట వదులుగా ఆడుతుంది. అప్పుడు ఇంజనును కొంచెం తిప్పి మళ్ళీ కొట్టాలి.

సీసాలో పెట్రోలు చిమ్మింది. దాంతో బుడగలూ వచ్చాయి. అంటే పంపు లాగుతోంది, కానీ పెట్రోలుతో పాటు గాలినీ లాగుతోంది. వెతికితే టాంకు దగ్గర రబ్బరు గొట్టం పగిలి ఉంది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు దానికి తొందరగా చెడుతుంది. మూరెడు కొత్త గొట్టం వేశాడు. ఇంజను అందుకుంది.

"మరి నిజంగా పంపు పోతే ఎలా తెలుస్తుంది?" అని అడిగింది ఆమె.

"గొట్టాలు బాగున్నా సీసాలోకి పెట్రోలు రాదు. లేదా పంపు కింద కారుతుంది. పొర చిరిగితే ఇంకా ప్రమాదం అక్కా. పెట్రోలు ఇంజను ఆయిలులో కలుస్తుంది. ఆయిలు పలచబడి ఇంజను అరిగిపోతుంది. నిప్పు కూడా అంటుకోవచ్చు. అప్పుడు బండి అసలు నడపొద్దు. ఒత్తిడి ఎక్కువైనా చిక్కే. కార్బొరేటరు పొంగుతుంది, నల్లపొగ వస్తుంది. కొత్త పంపులో స్ప్రింగు మరీ గట్టిదైతే అలా అవుతుంది."

ఆమె ఇంజను ఆయిలు పుల్ల బయటికి తీయించింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. పెట్రోలు వాసన లేదు. పుల్ల మళ్ళీ పెట్టించి, కారు ఎక్కి కూర్చుంది.