పరిహారం కేసు గెలిచారు.. మరి డబ్బంతా ఒకేసారి ఎందుకివ్వరు?

‘పుష్ప 2’ ప్రీమియర్ రోజు, 2024 డిసెంబర్ 4న సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాట గుర్తుందిగా? తల్లి చనిపోయింది, కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. ఆ కుటుంబానికి రూ.2 కోట్లు ఇస్తామని డిసెంబర్ 25న అల్లు అరవింద్ ప్రకటించారు. అల్లు అర్జున్ కోటి, మైత్రీ మూవీ మేకర్స్ 50 లక్షలు, సుకుమార్ 50 లక్షలు. అది కోర్టు తీర్పు కాదు, వాళ్లంతట వాళ్లు ఇస్తామన్నది. కానీ పెద్ద మొత్తం ఒక్కసారిగా వస్తే ఏళ్ల తరబడి ఎలా నిలబెట్టుకోవాలి? కోర్టులో గెలిచిన కుటుంబాలకూ ఇదే సమస్య.

అమెరికాలో దీనికి స్ట్రక్చర్డ్ సెటిల్‌మెంట్ అని ఓ పద్ధతి ఉంది. పరిహారం జీతంలా విడతలవారీగా వస్తుంది. మన దగ్గర ఆ పేరు వినపడదు, పని మాత్రం జరుగుతోంది.

రోడ్డు ప్రమాదాల కేసులు చూసేది మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్. మైనర్ల వాటాను మేజర్ అయ్యేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచాలని, దాని మీద బ్యాంకు లోన్ ఇవ్వకూడదని కేరళ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. బంధువులో, మధ్యవర్తులో డబ్బు ఊడ్చేయకుండా అన్నమాట.

రెండో దారి యాన్యుటీ డిపాజిట్. దీన్ని దేశమంతా అమలు చేయాలని 2019లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తేడా ఏంటంటే, రూ.20 లక్షలు, 7 శాతం వడ్డీ అనుకుందాం. ఎఫ్‌డీ అయితే నెలకు దాదాపు 11,600 వడ్డీ, అసలు అలాగే ఉంటుంది. పదేళ్ల యాన్యుటీ అయితే నెలకు దాదాపు 23,200 వస్తుంది. పదేళ్ల తర్వాత మాత్రం ఖాతాలో సున్నా! పిల్లలు చిన్నవాళ్లయితే ఇది ఆలోచించాల్సిన లెక్కే.

మధ్యలో ఆపరేషన్ వస్తే? పెళ్లి కుదిరితే? ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసి డబ్బు విడుదల చేయమని అడగొచ్చు. అన్ని కేసుల్లోనూ గుడ్డిగా ఎఫ్‌డీ అనొద్దని, ఆ మనిషి అవసరం చూడాలని 2012లో సుప్రీంకోర్టే ట్రిబ్యునళ్లను మందలించింది. కాబట్టి అప్పులు, ఆస్పత్రి బిల్లులు ఉంటే తీర్పుకు ముందే లాయర్‌తో చెప్పించుకోవడం బెటర్.

ఇక షూటింగ్‌లో ప్రమాదం సంగతి. 2025 దాకా అమల్లో ఉన్న ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం కింద, అది వర్తించే కార్మికుడు పనిలో చనిపోతే యజమాని పరిహారాన్ని కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాల్సి ఉండేది. కొంత అడ్వాన్స్ తప్ప, ఇంటికొచ్చి చేతిలో పెట్టిన డబ్బు పరిహారం లెక్కలోకి వచ్చేది కాదు. ‘ఇంతటితో అయిపోయింది’ అని ఎవరైనా కాగితం మీద సంతకం అడిగితే, ముందు లేబర్ ఆఫీసులో కనుక్కోండి.