నెట్ ఫుల్లు... నంబర్లు నిల్లు!

కరెంటు పోయింది. పావుగంటకు వచ్చింది. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

ధర్మసాగర్‌లో మా మామకో చిన్న ఆఫీసుంది. ఆరు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, గోడ మీద రేట్ల పట్టిక, దాని కిందే అందరికీ కనిపించేలా వైఫై పాస్‌వర్డ్. ఆన్‌లైన్ అప్లికేషన్లు, జిరాక్సులు, సర్టిఫికెట్ల స్కానింగ్... ఇదే పని. ఓ శనివారం హైదరాబాద్ నుంచి వచ్చి, మామను పలకరిద్దామని వెళ్లేసరికి గుమ్మం దాటి రోడ్డు దాకా పిల్లలున్నారు. డిగ్రీ అడ్మిషన్ల వెబ్ ఆప్షన్లకు అదే ఆఖరి రోజు.

"నెట్టు లేదురా. కరెంటు పోయొచ్చినప్పుడల్లా గిదే లొల్లి. కంపెనీకి ఫోన్ చేస్తే రీస్టార్ట్ కొట్టమంటరు. ఒకసారి కొడ్తే వస్తది, ఇంకోసారి రాదు" అన్నాడు మామ.

విచిత్రమేంటంటే, బయట నిలబడ్డ పిల్లల ఫోన్లలో అదే వైఫై మీద రీల్స్ పరుగెడుతున్నాయి! నెట్ ఉంది. కంప్యూటర్లకే లేదు.

ఒక కంప్యూటర్ ముందు కూర్చుని కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్' అని కొట్టాను. అడ్రస్ 169.254తో మొదలైంది. చూడగానే విషయం సగం అర్థమైంది. అది రూటర్ ఇచ్చిన నంబరు కాదు. అడిగి అడిగి జవాబు రాకపోతే విండోస్ తనకు తానే తగిలించుకునే నంబరు. దాంతో ఇంటర్నెట్‌లోకి పోలేం.

ఆ పూటకైతే నా ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒక్క కంప్యూటర్‌ని నడిపించాం. పక్క ఊరి నుంచి వాళ్ల నాన్నతో వచ్చిన ఓ అమ్మాయి పొద్దున పది గంటలకు లైన్లో నిలబడి, రాత్రి ఎనిమిదికి ఆప్షన్లు పెట్టుకుంది. చివరి బస్సు దొరికిందో లేదో తెలీదు.

మర్నాడు ఆదివారం. షట్టర్ సగం దించి రూటర్ సెట్టింగ్స్ తెరిచాను. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే వచ్చే పేజీ అది. అమెరికాలో ఉన్న మీ అక్క ఇంట్లో కూడా ఇదే నంబరు ఉండొచ్చు. కంగారు పడక్కర్లేదు. ఐపీవీ4లో ఉన్న మొత్తం నంబర్లు సుమారు 430 కోట్లు. ప్రపంచానికి చాలవని ముందే తెలుసు కాబట్టి, 1994లోనే కొన్ని వరసల్ని లోపలి వాడకానికి పక్కన పెట్టారు. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవి. వీటిని ఎవరి ఆఫీసులో వాళ్లు ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. మిగతా పబ్లిక్ నంబర్ల మూల నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయిపోయింది.

సరే, మామ రూటర్ సంగతి. దాన్ని బిగించినవాళ్లు పంచాల్సిన వరసని 192.168.1.100 నుంచి 131 వరకు పెట్టారు. అంటే 32 నంబర్లు. లీజు టైం 24 గంటలు. ఒక ఫోన్ వచ్చి ఐదు నిమిషాలు ఉండి వెళ్లిపోయినా, దాని నంబరు ఒక రోజంతా దాని పేరు మీదే ఉంటుంది. కరెంటు పోయి రూటర్ మళ్లీ లేచేసరికి, చేతుల్లో ఉన్న ఫోన్లు క్షణాల్లో నంబర్లు పట్టేసుకుంటాయి. మామ పాత కంప్యూటర్లలో విండోస్ నిద్ర లేచేలోపు 32 అయిపోతాయి. రీస్టార్ట్ కొడితే ఒకోసారి పనిచేసిందంటే, ఆ పరుగు పందెంలో కంప్యూటర్లు గెలిచాయన్నమాట. అంతే.

మామకు చెప్తే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "అంటే చెరువు నిండానే ఉన్నది, తూములే తక్కువైనయంటవ్." దేవాదుల నీళ్లతో నిండే ధర్మసాగర్ రిజర్వాయర్ పక్కన పుట్టి పెరిగినాయన మరి.

వరసని 100 నుంచి 249 దాకా పెంచి, లీజు గంటకు తగ్గిస్తే కథ అక్కడితో అయిపోవాలి. పెంచాను కూడా. కానీ నా ఫోన్ వైఫైలో ఉండగా, ఎందుకో ఫైల్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అనే చోట నొక్కాను. 'స్కాన్స్' అని ఒక ఫోల్డర్. పాస్‌వర్డ్ అడగలేదు. తెరిస్తే ఆధార్ కార్డులు, ఇన్‌కం సర్టిఫికెట్లు, పాస్‌బుక్ మొదటి పేజీలు. ఊరందరివీ. గోడ మీది పాస్‌వర్డ్ తెలిసిన ప్రతి ఫోనుకీ అది కనిపిస్తోంది!

అందరూ ఒకే వరసలో ఉండటమే గొడవ. ఆఫీసు వేరు, వచ్చిపోయేవాళ్లు వేరు కావాలి. డ్రాయర్‌లో మూలుగుతున్న పాత రూటర్ ఒకటి బయటకు తీశాను. నెట్ కంపెనీ బాక్స్‌ని బయటివాళ్లకి వదిలేసి, దాని వెనకాల ఈ రూటర్ పెట్టి, ఆఫీసు మొత్తాన్ని లోపలికి మార్చాలని ప్లాన్. కేబుల్ పెట్టాను, నెట్ రాదు. ఇరవై నిమిషాలు తల గోక్కున్నాక వెలిగింది, ఇది కూడా 192.168.1.1 తోనే లేచిందని. రెండు వైపులా ఒకే వరస ఉంటే ఏది లోపల, ఏది బయట అని రూటర్‌కెలా తెలుస్తుంది? లోపలి వరసని 192.168.10 కి మార్చగానే నెట్ వచ్చేసింది. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో నెట్‌వర్క్స్ సబ్జెక్టు పాసయ్యాం మరి!

ఒక మాట. నంబర్ల వరస మార్చినంత మాత్రాన గోడ కట్టినట్టు కాదు. బయట నుంచి వచ్చే పలకరింపుల్ని లోపలి రూటర్ తిప్పి పంపేస్తుంది కాబట్టే ఇది పనిచేస్తుంది. రూటర్ల వరస తిరగేస్తే, అంటే విజిటర్ల వైఫైని లోపల పెడితే, వాళ్లకి ఆఫీసంతా మళ్లీ కనిపిస్తుంది. ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ కూడా పెట్టించాను.

ప్రింటర్ది ఇంకో కథ. దానికి ఎవరో చేత్తో 105 అని నంబరు పెట్టారు, అదీ పంచే వరస మధ్యలో. ప్రింటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఆ నంబరు ఖాళీ అనుకుని రూటర్ ఏ ఫోనుకో ఇచ్చేస్తుంది. తర్వాత ప్రింటర్ ఆన్ చేస్తే ఒకే నంబరుకి ఇద్దరు ఓనర్లు. "గందుకేనారా ప్రింటు కొడ్తే ఒక్కోసారి రాదు!" అన్నాడు మామ. కొత్త వరసలో 2 నుంచి 49 దాకా కదలని వస్తువులకి వదిలేసి, 100 నుంచి పంచమన్నాను. కంప్యూటర్లకి రూటర్‌లోనే అడ్రస్ రిజర్వేషన్ పెట్టాను. ఎంతమంది ముందు లేచినా ఆ నంబర్లు వాటివే.

సోమవారం పొద్దున్నే మామ ఫోన్. "క్యామెరాలల్ల ఏం కనవడ్తలేదురా!" సీసీ కెమెరాల బాక్స్‌కి కూడా పాత వరసలో చేత్తో నంబరు పెట్టి ఉందన్న సంగతి నేనే మర్చిపోయాను. తర్వాతి శనివారం వెళ్లి 192.168.10.20 చేశాను.

వెళ్లినప్పుడు చూస్తే, ఏ వస్తువుకి ఏ నంబరో అట్ట మీద రాసి రూటర్ పక్కనే అతికించాడు. బాగుంది. దాని కింద లోపలి వైఫై పాస్‌వర్డ్ కూడా, ఎర్ర స్కెచ్ పెన్‌తో. తీసెయ్ మామా అంటే, "మరి నాకు యాదికుండాలె కదరా" అన్నాడు.