పనిముట్ల ప్రదర్శనమున కొనుగోలు

ఆడలేక మద్దెల ఓడన్న సామెతను మనమందరము ఎరుగుదుము. పని రానివాడు పనిముట్టును నిందించునని దాని భావము. కాని మద్దెల నిజముగానే ఓడైనచో ఆట నేర్చినవారు మాత్రము ఏమి చేయగలరు? వడ్రంగి విషయమున ఈ ప్రశ్న హాస్యమునకు అడుగునది కాదు. మొద్దుబారిన ఉలి కొయ్యను నలిపివేయును. వంకర చిత్రిక తలుపును చెరచును. కాపు లేని రంపపు చక్రము వ్రేళ్లనే హరించును. కావున పనిముట్టును కొనుటయు పనిలో నొక భాగమే. ప్రదర్శనములలో దానిని ఎట్లు పరీక్షించి కొనవలెనో నేడు మీకు కొంత విన్నవించెదను.

మాది రంగారెడ్డి జిల్లా, బాలాపూర్ మండలములోని నాదర్‌గుల్. నగరము ఎల్.బి. నగరు దాటి మా వైపు ప్రాకినకొలదియు పొలములున్న చోట ఇండ్లు లేచినవి. ప్రతి ఇంటికిని ద్వారబంధములు, కిటికీలు, అరమరలు కావలెను గదా! అందుచే వడ్రంగులకు పని కలదు. మా వీధి యువకుడొకడు ఏడాది కూలిలో మిగిల్చిన 12,000 రూపాయలతో స్వంత పనిముట్లు సమకూర్చుకొని, మేస్త్రీ చేతిక్రింద నుండి వెలువడవలెనని సంకల్పించెను. నాకును వడ్రంగము అలవాటగుటచే నన్ను తోడు రమ్మని కోరెను.

హైదరాబాదునకు ప్రదర్శనములు కొత్త గావు. 1938లో పబ్లిక్ గార్డెన్సులో ఆరంభమైన నుమాయిషు 1946లో నాంపల్లి మైదానమునకు మారినది. ఏటేట జనవరిలో అక్కడ గాజులు మొదలుకొని శాలువల వరకు సమస్తమును దొరకును. అది సర్వజనుల సంత. వృత్తిపనివారికై వేరు ప్రదర్శనములు తరువాతి కాలమున వెలసినవి. బెంగుళూరులోని ఇండియావుడ్ కొయ్యపని యంత్రములకు పేరొందినది. మన నగరమునను హైటెక్సు శాలలలో గృహనిర్మాణ సామగ్రి ప్రదర్శనములు జరుగుచుండును. అట్టిదొకదానికి మేమిద్దరమును ఎల్.బి. నగరులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి వెళ్లితిమి.

దుకాణమునకును ప్రదర్శనమునకును భేదము కలదు. రాణీగంజులోనో ట్రూప్ బజారులోనో ఒక్కొక్క అంగడి చొప్పున తిరుగవలెను. ప్రదర్శనములో పలు తయారీదారుల సరకు ప్రక్కప్రక్కనే యుండును. చేత బట్టి పోల్చి చూడవచ్చును. అది లాభము. కాని అక్కడి కొయ్య అమ్మువాడు ఎన్నుకొన్నది, అంచు అతడు అప్పుడే నూరినది, నేర్పు అతనిది. పైగా ఈ ధర నేటికి మాత్రమే యను తొందరయొకటి. కావున ఇంటియొద్దనే అక్కరల పట్టిక వ్రాసికొనవలెను. సంచిలో రెండు కొయ్యముక్కలు వేసికొని పోవలెను. ఒకటి టేకుది, రెండవది ముడి గల తుమ్మది. నీ ముట్టు నా కొయ్యపై నా చేత ఎట్లు నడచునో చూచెదనన్నచో సరియైన వర్తకుడు కాదనడు.

ఈ బుద్ధి నాకు నష్టము వలననే కలిగినది. పూర్వమొకసారి ఒక ప్రదర్శనమున తళతళలాడు ఇనుప చిత్రికను బేరమాడి కొంటిని. ఇంటికి వచ్చి పట్టగా బల్లపై అలలు తేలినవి. అడుగుభాగము నడుమ పల్లమై యుండెను. నోటి ముందున్న అడుగు కొయ్యను అదిమి పట్టిననే గాని పొట్టు పలుచగా లేవదు. దానిని కనుగొనుటకు ఉక్కు కొలబద్ద చాలును. అడుగుపై నిలువుగా నానించి దీపమునకు ఎదురుగా పట్టుడు. క్రిందనుండి వెలుతురు తొంగిచూచినచో ఆ చిత్రికను అక్కడనే విడువుడు. మూలమట్టమునకు పరీక్ష ఇంకను సులభము. తిన్నని అంచు గల బల్లపై దాని నానించి ఒక గీత గీయుడు. పిమ్మట మూలమట్టమును త్రిప్పి, ఆ చోటనే మరియొక గీత గీయుడు. రెండును ఒకటియైనచో మట్టము సరి. కత్తెరవలె విడిపోయినచో తప్పు.

ఉలిలో మెరుగు చూడరాదు, వీపు చూడవలెను. అంచు అనగా రెండు తలములు కలియు రేఖ. ఏటవాలు వైపు ఎంత నూరినను, వీపు సమముగా లేనిచో అంచు కుదరదు. పాతిక డిగ్రీల వాలుపట్టి, తుదను ముప్పది డిగ్రీలకు నూరుట సామాన్యముగా చాలును. మెత్తని కొయ్యకు మొద్దు ఉలి చాలునని కొందరు భ్రమింతురు. నిజమునకు మెత్తని కొయ్య అడ్డుకోతయందే మొద్దు అంచు క్రింద నలిగిపోవును. కావున ఆరు ఉలులు కొనుటకంటె పావు, అర, ఒక అంగుళముల ఉలులు మూడును, గరుకుది నున్ననిది సానరాళ్లు రెండును కొనుట మేలు.

రంపము కొనునప్పుడు పండ్లను చూడుడు. వాటి కొనలు నల్లగానో నీలముగానో యున్నచో తరచుగా అవి వేడిచే గట్టిపరుపబడినవి. చాలకాలము వాడిగా నుండును గాని, ఆకురాయికి లొంగవు. మొద్దుబారిన పిదప పారవేయవలసినదే. సాదా పండ్ల రంపమును మూడంచుల ఆకురాయితో మరల మరల పదును పెట్టుకొనవచ్చును.

మేము ఒక అంగడియొద్దకు పోగా అక్కడ గుంపు మూగియుండెను. అమ్మువాడు లోహమును రాచు చిన్న గ్రైండరు కాపును ఊడదీసి, పండ్ల చక్రము తగిలించి, క్షణములో పలక కోసి చూపుచుండెను. అంతలో మా యువకుడు జేబులో చేయి పెట్టెను. చక్రముపై ముద్రించిన అంకెను, యంత్రముపై నున్న అంకెను చదువుమంటిని. చదివి అతడు, "పెద్దనాయనా, చక్రముది తక్కువగా నున్నదే!" అనెను. అట్టి యంత్రములు నిమిషమునకు 11,000 చుట్ల వరకు తిరుగుచుండును. చక్రమున వ్రాసిన గరిష్ఠ వేగము అంతకు తక్కువైనచో ఆ రెంటిని కలుపరాదు. వేగము సరిపడినను అపాయము తొలగదు. పండ్లు కొయ్యలో చిక్కుకొన్నచో యంత్రము ఎగసి చేతిపైకే వచ్చును. కొయ్యకు కొయ్యరంపపు యంత్రమే, అదియు కాపుతోనే కావలెను. అతడు చేయి వెనుకకు తీసికొనెను.

ఇక సామగ్రి. ప్లైవుడ్డు నమూనా అంచును చూడుడు; పొరల నడుమ సందులుండరాదు. సామాన్యపు ప్లైవుడ్డునకు ఐ.ఎస్. 303, నీటిని తట్టుకొను మెరైను రకమునకు ఐ.ఎస్. 710 అను ప్రమాణములు కలవు. నమూనా వేరు, ఇంటికి వచ్చు పలక వేరు కాకుండ, కొనుగోలు చీటిలో ప్రమాణపు సంఖ్యను వ్రాయించుకొనుడు. పూర్వము సరేసు కాచి అతికెడివారు. 1959లో ఫెవికాల్ వచ్చిన పిమ్మట తెల్లజిగురు వాడుక హెచ్చినది. అది నిలువయున్న కొలది చెడునది గావున, చౌకయని పెద్ద డబ్బా కొనక తయారైన తేదీ చూడుడు. ఉప్పుకాగితమున అంకె పెరిగినకొలది నునుపు పెరుగును. 80, 120, 220 అంకెలవి కొన్ని చొప్పున చాలును. యంత్రమేదైన కొన్నచో చీటి, హామీపత్రము, నగరములోని మరమ్మతు కేంద్రపు చిరునామా తీసికొనక కదలకుడు.

డబ్బు లేనివారికి మార్గము లేకపోలేదు. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున వడ్రంగులతో సహా 18 వృత్తులవారిని చేర్చి, పనిముట్లకై 15,000 రూపాయల వరకు సహాయము ఏర్పరచిరి. కాని సహాయపు డబ్బైనను కూలి డబ్బైనను, పోయినచో పోయినదే.

ఆనాడు మా యువకుడు ఉలులు మూడు, సానరాళ్లు రెండు, మూలమట్టము, సాదా రంపము, పరీక్షించిన చిత్రికయు కొని, మిగిలిన సొమ్మును యంత్రము కొరకై దాచుకొనెను. తిరుగుప్రయాణమున సంచి తేలికగా నున్నదని కొంత చిన్నబుచ్చుకొనెను. మరునాటి యుదయమున అతని వాకిట సానరాతి చప్పుడు నాకు వినవచ్చెను. కొత్త ఉలిని అతడు తానే నూరుకొనుచుండెను.