పెద్ద జాతి శునకాల దూర ప్రయాణం: విశాఖ తీర వాతావరణంలో పాటించవలసిన జాగ్రత్తలు

విశాఖపట్నంలో ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకాదళం వంటి సంస్థలలో పనిచేసే కుటుంబాలకు బదిలీలు, పదవీ విరమణానంతరం స్వస్థలాలకు తరలివెళ్ళడం సహజం. ఉక్కునగరం క్వార్టర్లలోనో, గాజువాక, మర్రిపాలెం పరిసరాలలోనో పెరిగిన లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ వంటి పెద్ద జాతి శునకం కూడా ఆ కుటుంబంతోనే బయలుదేరుతుంది. సామాను సర్దడానికి నెల రోజుల ముందునుంచే జాబితాలు రాసుకునేవారు కుక్క విషయానికి వచ్చేసరికి వెనుక సీటుపై దుప్పటి పరచడంతో సరిపెట్టుకోవడం కద్దు. విశాఖ నుంచి హైదరాబాదుకు రోడ్డు మార్గం 600 కిలోమీటర్లకు పైబడినది. విరామాలతో కలిపి పన్నెండు గంటలకు తక్కువ పట్టదు. నలభై కిలోల జంతువు అంతసేపు మూసిన వాహనంలో ఉండబోతున్నప్పుడు, దాని దేహం వేడిని ఎలా వదిలించుకుంటుందో ముందుగా తెలుసుకోవాలి.

కుక్క సాధారణ దేహ ఉష్ణోగ్రత 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. దానికి చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల మెత్తలలోనే ఉంటాయి. కనుక వేడిని పోగొట్టుకోవడానికి ప్రధానంగా రొప్పడం మీదనే ఆధారపడుతుంది. నాలుక, ముక్కు లోపలి తడి పొరల నుంచి నీరు ఆవిరవుతూ రక్తాన్ని చల్లబరుస్తుంది. ఇందులో పెద్ద జాతులకు ఒక ప్రతికూలత ఉన్నది. దేహ ఉపరితలాన్ని లెక్కించడానికి పశువైద్యులు వాడే సూత్రం ప్రకారం 10 కిలోల కుక్కకు కిలో బరువుకు సుమారు 470 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటే, 40 కిలోల కుక్కకు 295 మాత్రమే ఉంటుంది. బరువు పెరిగినంతగా వేడి బయటకు పోయే వైశాల్యం పెరగదు. స్థూలకాయం, వృద్ధాప్యం, చదునైన ముక్కు, దట్టమైన రెండు పొరల బొచ్చు తోడైతే ఇబ్బంది మరింత హెచ్చుతుంది. బొచ్చు పూర్తిగా గొరిగించడం మాత్రం మేలు చేయదు. ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది.

పంటల బాష్పోత్సేకానికి వర్తించే సూత్రమే రొప్పడానికీ వర్తిస్తుంది. నీరు ఎంత వేగంగా ఆవిరవుతుందన్నది తడి ఉపరితలం వద్ద ఉండే ఆవిరి పీడనానికీ, బయటి గాలిలోని ఆవిరి పీడనానికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. 38.5 డిగ్రీల వద్ద తడి పొరపై ఆవిరి పీడనం సుమారు 6.8 కిలోపాస్కల్‌లు. మే నెలలో విశాఖలో ఉష్ణోగ్రత 34 డిగ్రీలు, గాలిలో తేమ 75 శాతం ఉన్న రోజున బయటి గాలిలో అది దాదాపు 4.0, అంటే తేడా 2.8 మాత్రమే. అదే సమయంలో సూర్యాపేట ప్రాంతంలో 40 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉంటే తేడా 5.0 వరకు ఉంటుంది. థర్మామీటరు ఆరు డిగ్రీలు తక్కువ చూపినా, తీరంలో రొప్పడం వల్ల కలిగే ప్రయోజనం సగానికి కాస్త పైన మాత్రమే. సముద్రపు గాలి చల్లగా ఉన్నదన్న భరోసా మనిషికి చెల్లవచ్చు గాని కుక్కకు చెల్లదు.

అయితే మెట్ట ప్రాంతపు పొడి గాలి కూడా క్షేమకరం కాదు. పరిసరాల వేడి దేహపు వేడిని మించినప్పుడు గాలే దేహాన్ని వేడెక్కిస్తుంది. నీరు వేగంగా ఆవిరై దేహం శుష్కిస్తుంది. హైదరాబాదు ప్రయాణంలో విజయవాడ వరకు వేడి బయటికి పోకపోవడం, ఆ తరువాత నీరు హరించుకుపోవడం ప్రధాన ప్రమాదాలు. ఎ.సి. వేసిన కారు మొదటి ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది, ఎందుకంటే అది గాలిని చల్లబరచడమే గాక తేమనూ తీసివేస్తుంది. కొన్ని వాహనాలలో చల్లగాలి ముందు సీట్లకే పరిమితమై వెనుక సామాను భాగానికి చేరదు. బయలుదేరడానికి ముందే ఒక థర్మామీటరును అక్కడ అరగంట ఉంచి చూడటం మంచిది. ఎ.సి. లేకుండా అద్దాలు మూసి తడి గోనెపట్టా పరిచే అలవాటు కొందరికి ఉన్నది. మూసిన చోట అది తేమను పెంచి రొప్పడానికే అడ్డుపడుతుంది.

ఆగిన కారు సంగతి వేరుగా చెప్పవలసినది. 2005లో అమెరికాలో ప్రచురితమైన కొలతలలో, ఎండలో నిలిపిన కారు లోపలి ఉష్ణోగ్రత గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. ఆ పెరుగుదలలో 80 శాతం మొదటి అరగంటలోనే జరిగింది. అద్దాలు కొద్దిగా దించి ఉంచడం వల్ల చెప్పుకోదగిన ఫలితం కనబడలేదు. అన్నవరంలో దర్శనానికో, దారిలో భోజనానికో అందరూ కలిసి దిగకూడదు. ఒకరు కుక్కతో ఉండితీరాలి.

ప్రయాణానికి మూడు నాలుగు వారాల ముందు సన్నాహం ఆరంభించాలి. మొదట ఆగి ఉన్న కారులో కొద్ది నిమిషాలు కూర్చోబెట్టి, తరువాత ఇంజను నడిపి, ఆపై తెల్లవారుజామున బీచ్ రోడ్డు వరకు, కుదుటపడ్డాక భీమిలి వరకు తీసుకువెళ్ళాలి. చొంగ కార్చడం, పదేపదే ఆవులించడం, వాంతి ప్రయాణ వికారానికి గుర్తులు. అరకు ఘాట్ రోడ్డు మలుపులలో ఇవి తొందరగా బయటపడతాయి. వాంతి నివారణకు మారోపిటాంట్ వంటి మందు పశువైద్యుని సలహాతోనే ఇవ్వాలి. మనుషుల మాత్రలు ఇవ్వరాదు. నెమ్మదిగా పడుకుంటుందని ఏస్‌ప్రొమజైన్ వంటి మత్తుమందు కోరేవారు ఉన్నారు. అది రక్తపోటును తగ్గించి దేహం వేడిని అదుపు చేసుకునే శక్తిని దెబ్బతీస్తుంది కనుక వేసవి ప్రయాణంలో దాని జోలికి పోకపోవడమే ఉత్తమం.

పశువైద్యుని పరీక్ష మరొక కారణం చేతనూ అవసరం. 1978 నాటి జంతువుల రవాణా నియమాలు శునకం ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నదనీ, రేబిస్ వంటి అంటువ్యాధి లక్షణాలు లేవనీ తెలిపే ధ్రువపత్రాన్ని కోరుతాయి. నెలలు నిండిన చూలు కుక్కను తరలించరాదు. బయలుదేరడానికి కనీసం రెండు గంటల ముందు ఆహారం, నీరు అందాలి; వేసవిలో ప్రతి నాలుగు గంటలకు నీరు, పెద్ద కుక్కలకు పన్నెండు గంటలకొకసారి ఆహారం ఇవ్వాలి. ఈ నియమాల భాష సరుకుగా పంపే జంతువులను ఉద్దేశించినట్టు కనిపించినా, సొంత కారుకు కూడా కనీస ప్రమాణంగా అనుసరించదగినది.

ఆహారం విషయంలో ఆ రెండు గంటలు పెద్ద జాతులకు చాలవు. ఛాతీ లోతుగా ఉండే గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ వంటివాటిలో నిండు కడుపుతో కదలిక వల్ల జీర్ణాశయం ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉన్నది. తేలికపాటి భోజనం ఐదారు గంటల ముందే ముగించాలి. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోతే అది శస్త్రచికిత్స అవసరమైన అత్యవసర స్థితి; నిమిషాలు విలువైనవి. విజయవాడ సమీపాన గన్నవరంలో జాతీయ రహదారి దాపున ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉన్నది. దారిలోని ఇటువంటి చోట్ల ఫోను నంబర్లు ముందే రాసుకోవాలి.

కారులో కుక్కను వదిలివేయకూడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 40 కిలోల దేహానికి ఉండే శక్తి దానిని 25 మీటర్ల ఎత్తు నుంచి పడవేసినప్పటి శక్తికి సమానం. ఛాతీకి, భుజాలకు తొడిగే పట్టీని సీటు బెల్టుకు బిగించాలి. మెడ పట్టాకు కట్టడం ప్రాణాంతకం. గట్టి పంజరం వాడితే అది జారకుండా కట్టి, అడుగున రబ్బరు చాప పరచాలి. కీళ్ళ నొప్పులున్న ముసలి కుక్క ఎత్తైన వాహనంలోకి గెంతకుండా పలక వాలుగా వేయాలి.

తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరితే ఎండ ముదరకముందే గోదావరి దాటవచ్చు. రెండు మూడు గంటలకొకసారి నీడలో దింపాలి. తారు వేడి తెలియడానికి ముంజేతి వెనుకభాగం ఏడు సెకన్లు ఆనించి చూడాలి; ఓర్చలేకపోతే కుక్క పాదాలూ ఓర్చలేవు. 40 కిలోల కుక్కకు మామూలు రోజులలోనే రెండు లీటర్లకు పైగా నీరు కావాలి, కనుక ఇంటి నీరు అయిదారు లీటర్లు వెంట ఉంచుకోవాలి. ఊరకుక్కలు గుమిగూడే దాబాల వద్ద దింపకపోవడం, బయలుదేరేముందు పిడుదుల మందు వేయించడం మంచిది.

చిక్కని చొంగ, ఎర్రబడిన చిగుళ్ళు, తూలడం, 41 డిగ్రీలకు మించిన ఉష్ణోగ్రత వడదెబ్బ లక్షణాలు. ఆసుపత్రికి పరుగెత్తేముందు అక్కడికక్కడే నీటితో బాగా తడిపి, విసరాలి, లేదా ఎ.సి. గాలి నేరుగా తగిలేలా ఉంచాలి. తడి తువ్వాలు కప్పి వదిలివేయరాదు, కొద్దిసేపట్లో అదే వేడి దుప్పటిగా మారుతుంది. ఉష్ణోగ్రత 39.5కు దిగగానే తడపడం ఆపి వైద్యునివద్దకు తీసుకువెళ్ళాలి. కోలుకున్నట్టు కనబడినా మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతిన్న లక్షణాలు ఒకటి రెండు రోజుల తరువాత బయటపడవచ్చు.