ఒక్కసారే పూచే చెట్లు: శ్రీతాళం, తాలియెరా

తాటిచెట్టు ఏటేటా పూస్తుంది, కాస్తుంది. ఒక ఏడు కాపు తప్పినా మరుసటి ఏడు ఉండనే ఉంటుంది. దాని బంధువర్గంలోనే కోరిఫా అనే ప్రజాతికి ఈ సదుపాయం లేదు. ఆ చెట్లు జీవితంలో ఒకేసారి పూచి, కాచి, ఎండిపోతాయి. ఇంజనీరింగ్ పరిభాషలో చెప్పాలంటే స్టాండ్‌బై లేని యంత్రాలన్నమాట!

వీటిలో శ్రీతాళం దక్షిణ భారతానికీ, శ్రీలంకకూ చిరపరిచితం. పూర్వం ఎన్నో తాళపత్ర గ్రంథాలను దీని ఆకులపై వ్రాశారు. చెట్టు 25 మీటర్ల వరకు పెరుగుతుంది. ఒక్కొక్క ఆకు 5 మీటర్ల వెడల్పు ఉంటుంది. ముప్ఫయి నుండి ఎనభై ఏళ్ల ప్రాయంలో శిఖరాన 6 మీటర్లకు మించిన పూగుత్తి వేస్తుంది. కొమ్మలతో కూడిన పూగుత్తులలో ఇంతకంటె పెద్దది వృక్షలోకంలోనే లేదు. అందులో పూలు లక్షల సంఖ్యలో ఉంటాయి. కాయలు పండడానికి సుమారు ఏడాది పడుతుంది.

రెండవది తాలియెరా. బెంగాల్ ప్రాంతపు ఈ చెట్టును శాస్త్రీయంగా వర్ణించినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన మన సామర్లకోటలో మొక్కలను పరిశోధించి, 1793లో కలకత్తా ఉద్యానవనానికి వెళ్లాడు. తాలియెరా శ్రీతాళం కంటె పొట్టిది. దీని ఆకులపైనా గంటంతో వ్రాసేవారు. ఇంటి వాసాలు కట్టడానికీ వాడేవారు.

ప్రకృతిసిద్ధంగా పెరిగినవాటిలో మనకు తెలిసిన చివరి తాలియెరా శాంతినికేతన్ సమీపంలోని ఒక పల్లెలో ఉండేది. 1979లో అది పూతకు వచ్చింది. తాటిచెట్టు నెత్తిన అటువంటి పూగుత్తిని ఎన్నడూ చూడని గ్రామస్థులు దయ్యం పట్టిన తాడి అని జడిసి, కాయలు పండకముందే నరికివేశారు. వారిని తప్పు పట్టలేము. తాత కూడా చూడని పూతను మనవడు గుర్తించేదెట్లా? అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య తాలియెరాను సహజావరణంలో అంతరించిన జాతిగా లెక్కించింది. శ్రీతాళాన్ని మాత్రం, తగిన సమాచారం లేని జాతుల జాబితాలో చేర్చింది. తోటలలో, ఆలయాల చెంత నాటడం వల్లనే అది ఇంకా విరివిగా కనిపిస్తోంది.

ఢాకా విశ్వవిద్యాలయ ఆవరణలో మిగిలిన ఒక తాలియెరా 2008లో పూచింది. ఈసారి దాన్ని ఎవరూ నరకలేదు. కాయలు పండాయి, గింజల నుండి మొక్కలు మొలిపించారు. అవి పూయడానికి ఇంకా దశాబ్దాలు కావాలి.

మన టౌన్‌షిప్పులలో ఎవరైనా శ్రీతాళం నాటదలిస్తే, నాటిన తేదీతో పాటు “పూచినప్పుడు కొట్టవద్దు, కాయలు రాలేదాకా ఆగండి” అని ఒక ఫలకం కూడా పెట్టాలి. ఆ పూత నాటికి నాటినవారు పదవీ విరమణ చేసి ఎంతో కాలమై ఉంటుంది.