దూర ప్రయాణంలో కాళ్లకు పని చెప్పండి

మా సహోద్యోగి ఒకరు ఉమ్రా నుంచి తిరిగివచ్చిన నాలుగో రోజున ఎడమ పిక్క నొప్పిగా ఉందన్నారు. నడక ఎక్కువై ఉంటుందని మేమూ అనుకున్నాం. ఇంట్లోవారు నూనె రాసి మర్దన చేశారు. రెండు రోజులకు కాలు వాచింది, ఆయాసం మొదలైంది. పిక్క సిరలో రక్తం గడ్డకట్టి, అందులో ఒక ముక్క ఊపిరితిత్తులకు చేరిందని ఆసుపత్రిలో చెప్పారు. సమయానికి వెళ్లారు గనుక అల్లాహ్ దయవల్ల కోలుకున్నారు.

కాళ్లలోని రక్తం గుండెకు పైకి ఎక్కాలి. నడిచేటప్పుడు పిక్క కండరాలు సిరలను పిండి దాన్ని పైకి నెడతాయి. సిరల్లోని కవాటాలు కిందికి జారనివ్వవు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఈ పంపు ఆగుతుంది. సీటు అంచు మోకాలి వెనుక నొక్కుతుంది. నిలిచిన రక్తం గడ్డకట్టవచ్చు.

ఇది విమానానికే పరిమితం కాదు. బస్సు, రైలు, కారు అన్నీ ఒకటే. 1940లో లండన్‌లో బాంబు దాడులప్పుడు రాత్రంతా ఆశ్రయాల్లో కుర్చీల్లో గడిపినవారిలోనూ ఇలాంటి మరణాలు సంభవించాయి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంతో ముప్పు సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. అయినా ఆరోగ్యవంతుల్లో అది ఆరు వేల మందిలో ఒకరికే. కాబట్టి భయం వద్దు, జాగ్రత్త చాలు.

ఈమధ్య ఆపరేషన్ అయినవారు, గర్భిణులు, బాలింతలు, క్యాన్సర్ రోగులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, స్థూలకాయులు, లోగడ గడ్డకట్టినవారు ముందుగా డాక్టరును అడగాలి. బిగుతు మేజోళ్లు, మందులు ఆయన చెబితేనే వాడాలి.

మిగిలినవారు గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. లేవలేకపోతే కూర్చున్నచోటే మడమలు, వేళ్లు మార్చి మార్చి ఎత్తాలి. కాళ్ల దగ్గర సంచులు పెట్టుకోకూడదు. బాత్‌రూముకు వెళ్లాల్సి వస్తుందని మన పెద్దవాళ్లు నీళ్లు మానేస్తారు, అది తగదు.

ప్రయాణమయ్యాక కొన్ని వారాల వరకూ ఒక కాలే వాచినా, నొప్పి, వేడి, ఎరుపు కనిపించినా మర్దన చేయకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి, దగ్గితే రక్తం వస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. ప్రయాణం చేసిన సంగతి తప్పక చెప్పాలి.

పెద్దలను ఉమ్రాకో, విదేశాల్లోని పిల్లల దగ్గరికో పంపే దాతలూ, బిడ్డలూ టికెట్‌తోపాటు ఈ నాలుగు మాటలూ చెప్పి పంపితే అంతకన్నా మంచి తోడు లేదు.